రోజుకు గుప్పెడు తోటకూర

ఆ చప్పుడు నాకు కాక మరొకరికి వినిపించడం అదే మొదటిసారి. డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా ఆఫీసు మీటింగ్ గదిలో నలుగురం కూర్చున్నాం. ప్రొజెక్టర్ ఆపగానే గది నిశ్శబ్దమైంది. నా పక్కనున్న అమెరికన్ తన చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తర్వాత గోడల వైపు చూశాడు. "ఏదో టిక్ టిక్‌మంటోంది, మీకెవరికైనా వినిపిస్తోందా?" అని అడిగాడు.

"అది నేనే," అన్నాను.

రెండు వేల ఎనిమిది చివర్లో డల్లాస్‌లో నాకు గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెలోని ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. పాతికేళ్లు అది ఎలాగో నెట్టుకొచ్చింది. ఆ ఏడాది మాత్రం ఆఫీసు మెట్లు ఒక అంతస్తు ఎక్కినా ఆయాసం వచ్చేది. డాక్టర్లు దాన్ని తీసేసి కృత్రిమ కవాటం పెట్టారు. అది మూసుకున్న ప్రతిసారీ సన్నగా చప్పుడు చేస్తుంది.

ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా నేను బతికున్నంత కాలం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి క్లినిక్‌లో వేలి చివర సూదితో గుచ్చి ఒక్క రక్తపు చుక్క తీస్తారు. మిషన్ మీద ఒక అంకె వస్తుంది. నా అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలన్నారు. తగ్గితే గడ్డలు కట్టొచ్చు. మరీ పెరిగితే ఎక్కడో రక్తం కారడం మొదలై ఆగకపోవచ్చు. ఆ రెండు గట్ల మధ్యనే నేను నడవాలి.

డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితాల్లో ఒకచోట ఆకుకూరల విషయంలో జాగ్రత్త అని ఉంది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది, అంటే మాత్ర చేసే పనికి సరిగ్గా ఎదురు పనిచేస్తుందన్న మాట. నా భార్య ఆ వాక్యం మీద పసుపు రంగు మార్కర్‌తో రెండుసార్లు గీసింది.

ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది. ఏ విషయమైనా పాస్ అన్నా కావాలి, ఫెయిల్ అన్నా కావాలి, మధ్యస్తంగా ఉండే మాట ఆమెకి నచ్చదు. జాగ్రత్త అంటే ఎంత జాగ్రత్త అని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమే తేల్చేసింది. ఆ సాయంత్రమే ఫ్రిజ్ ఖాళీ అయింది. పాలకూర, మెంతికూర, పుదీనా అన్నీ పోయాయి. చివరికి చారులో వేసే కొత్తిమీర కూడా.

"కొత్తిమీర ఏం చేస్తుంది, రెండు రెమ్మలు?" అన్నాను.

"రెండు రెమ్మలు అని మొదలుపెడతారు. మీ సంగతి నాకు తెలుసు," అంది.

నా సంగతి ఆమెకి నిజంగానే తెలుసు. నాకు మాంసం మీదా స్వీట్ల మీదా పెద్ద మోజు లేదు. కానీ వేడన్నంలో తోటకూర పులుసు, పక్కన వడియాలు ఉంటే ఎవరు పిలిచినా వినపడదు. అలాంటి వాణ్ణి ఆ చలికాలమంతా బంగాళదుంప, దొండకాయ, వంకాయ, మళ్లీ బంగాళదుంప తింటూ గడిపాను. వార్ఫరిన్ మాత్రలు ఒక్కో మోతాదుకి ఒక్కో రంగులో ఉంటాయి. నాకు మొదట రాసింది ఆకుపచ్చది. ఆ నెలల్లో మా ఇంట్లో నేను మింగిన ఆకుపచ్చ పదార్థం అదొక్కటే.

ఇంత నిష్ఠగా ఉన్నా అంకె నిలకడగా ఉండేది కాదు. శని, ఆదివారాల్లో ఎవరింట్లోనో పాట్‌లక్ ఉండేది, తలా ఒక వంటకం తెచ్చి అందరం కలిసి తినేవాళ్లం. అక్కడ మా వరంగల్ మిత్రుడు ఒకడు గోంగూర పప్పు గిన్నె నా ముందుకి తోసి, "ఒక్క ముద్దకేమైతది అన్నా, జర రుచి చూడు," అనేవాడు. ఒక్క ముద్ద మూడు ముద్దలయ్యేది. సోమవారం క్లినిక్‌కి వెళితే అంకె ఒకటి పాయింట్ ఎనిమిది. మాత్ర మోతాదు పెంచేవాళ్లు, కొన్ని రోజులు పొట్ట మీద ఇంజెక్షన్ కూడా పొడుచుకోమనేవాళ్లు. నేను భయపడి రెండు వారాలు ఆకు మొహం చూసేవాణ్ణి కాదు. అప్పుడు అంకె నాలుగున్నర దాటేది.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే చుబుకం కింద చిన్న గాటు పడింది. మామూలుగా అయితే కాస్త నీళ్లు చల్లితే ఆగిపోయేంతది. ఆ రోజు మూడు చేతి రుమాళ్లు తడిసినా ఆగలేదు. నా భార్య నా గడ్డం కింద దూది అదిమి పట్టుకుని నిలబడింది. రక్తం ఆగాక బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పింది. చాలాసేపు ఆ నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ నీళ్ల వెనక ఆమె ఏడుస్తోందని నాకు తెలుసు.

ఆ మార్చిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. కూతురికి సాయంగా ఆరు నెలలు ఉండాలని వచ్చారు. ఆవిడ దిగిన మర్నాడే మా ఇంటి వెనక కంచె వెంబడి ఖాళీగా ఉన్న నేల చూశారు. వారంలో ఇండియన్ గ్రోసరీ నుంచి తోటకూర విత్తనాలు తెప్పించి చల్లారు. టెక్సాస్ ఎండ ఏప్రిల్ నుంచే మొదలవుతుంది. ఆ ఎండకి అమెరికా వాళ్ల పూలమొక్కలు వాడిపోతుంటే మా తోటకూర మాత్రం సొంత ఊళ్లో ఉన్నట్టు పెరిగింది. మే నెలకి మోకాలెత్తు వచ్చింది, ఎర్ర కాడలతో సహా.

"ఇది మీకు కాదు బాబూ," అన్నారు ఆవిడ మొదటి కోత కోస్తూ. "అమ్మాయికీ నాకూ. మీరు చూస్తూ బాధపడకండి, అటు తిరిగి కూర్చోండి."

అటు తిరిగి కూర్చున్నాను. కానీ వెల్లుల్లి వేసిన తోటకూర వేపుడు వాసన ఎటు తిరిగినా వచ్చింది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నా భార్య ఆఫీస్‌కి వెళ్లింది, అత్తగారు వెనక మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. వంటింట్లోకి వెళ్లి మూత తీశాను. పళ్లెం పెట్టుకునే ఓపిక కూడా లేక, గిన్నెలోనే అన్నం కలుపుకుని నిలబడి తింటున్నాను. నాలుగో ముద్ద నోట్లో ఉండగా వెనక తలుపు తెరుచుకుంది.

అత్తగారు నన్ను చూశారు. గిన్నెను చూశారు. అరుస్తారనుకున్నాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు.

తలూపాను.

"ఇక చాలు, గిన్నె అక్కడ పెట్టండి. రేపు ఆ క్లినిక్‌కి వెళ్లాలిగా మీరు. నేనూ వస్తాను. మీరైతే అక్కడ నిజం చెప్పరు."

మర్నాడు కారులో ఆవిడ నా పక్కన కూర్చుని, నేను తప్పించుకుపోతానేమో అన్నట్టు క్లినిక్ దాకా నావైపే చూస్తూ వచ్చారు.

ఆ రోజు మామూలుగా ఉండే నర్సు లేదు. ఆమె బదులు ఒక ఫార్మసిస్టు ఉంది. యాభై దాటిన నల్లజాతి ఆవిడ, టెక్సాస్ యాసలో తాపీగా సాగదీసి మాట్లాడుతుంది. వేలు గుచ్చింది. అంకె ఒకటి పాయింట్ తొమ్మిది. కంప్యూటర్‌లో నా పాత అంకెలన్నీ తెరిచి కాసేపు చూసింది. తెర మీద ఆ అంకెల గీత కొండల్లా పైకీ కిందకీ ఉంది.

"ఈ గీత చూస్తే నాకు మాత్ర కనిపించడం లేదు, తిండి కనిపిస్తోంది. ఈ వారం ఏం తిన్నారు?" అని అడిగింది ఇంగ్లిష్‌లో.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు, "గ్రీన్స్," అన్నారు. తర్వాత నా వైపు చూసి, "మిగిలింది మీరు చెప్పండి," అన్నారు.

చెప్పాను. ఇంట్లో ఆకు కనిపించకుండా ఎలా బతుకుతున్నానో, పాట్‌లక్‌లో ఏం జరుగుతుందో, నిన్నటి గిన్నెతో సహా అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది. ఆఖర్న కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మీ తప్పు ఆకుకూర తినడం కాదు. రోజూ తినకపోవడం," అంది.

అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. నేను ఆకుకూర పూర్తిగా మానేసరికి ఒంట్లో విటమిన్ కె నిల్వ అడుగంటిపోయిందట. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా మూడు ముద్దల గోంగూర పప్పు వెళితే అది వరదలాగే పనిచేస్తుంది. మళ్లీ మానేస్తే కరువు. ఈ వరదకీ కరువుకీ మధ్య మాత్ర మోతాదు ఎవరు లెక్కకట్టగలరు?

"మీరు రోజూ ఇంచుమించు ఒకే కొలత తింటే, దానికి తగ్గట్టు మాత్రని సర్దే పని మాది," అంది. "మా అమ్మమ్మ ఆదివారం ఆదివారం కుండెడు కాలర్డ్ ఆకుకూర వండేది. ఈ ఊళ్లో నా దగ్గరకొచ్చే పెద్దవాళ్లకి ఆకుకూర మానేయమని చెబితే నా మొహం చూడరు. నేనూ చెప్పను."

అత్తగారు నా మోచేయి పట్టుకున్నారు. "ఏమంటోంది? తినొచ్చంటోందా?"

"తినొచ్చని కాదు అత్తయ్యగారూ, తినాలంటోంది. రోజూ."

ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. "ఆవిడ చెప్పిందే చెబుతున్నారా, మీక్కావలసింది కలుపుతున్నారా?"

నా మీద నమ్మకం లేక నేరుగా ఫార్మసిస్టు వైపు తిరిగి, "డైలీ? తోటకూర, డైలీ?" అని అడిగారు.

"డైలీ," అంది ఆవిడ, తోటకూర అంటే ఏమిటో తెలియకుండానే. తర్వాత, "ఎంత తింటారు?" అని అడిగింది.

అత్తగారు గుప్పిట మూసి చూపించారు. ఫార్మసిస్టు తన గుప్పిట పక్కన పెట్టింది. ఆవిడది దాదాపు రెండింతలుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని నవ్వారు. ఆవిడ సొరుగులోంచి ప్లాస్టిక్ కొలత కప్పు తీసి, సగం దగ్గర గీత చూపించి, వండాక ఇంత అని చెప్పింది. రోజూ ఇంతే, పండగొచ్చినా ఇంతే. కొన్ని వారాలపాటు వారానికోసారి వచ్చి వేలు గుచ్చించుకోవాలి. అడక్కుండా సొంతంగా మాత్ర మార్చకూడదు.

మేం లేవబోతుంటే ఆవిడ అత్తగారిని చూపించి, "మరి ఈవిడేం మందులు వాడతారు?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పగానే అత్తగారు మళ్లీ కూర్చున్నారు. చాలా రోజుల నుంచి ఎవరైనా అడుగుతారేమో అని ఎదురుచూస్తున్నట్టుగా కూర్చున్నారు.

"రెండేళ్ల నుంచీ ఐరన్ మాత్ర వేసుకుంటున్నాను. ఎన్ని వేసుకున్నా రక్తం పట్టట్లేదంటాడు మా డాక్టరు. నీరసం."

"దేంతో వేసుకుంటారు?"

"కాఫీతో. పొద్దున్నే, మొదటి గ్లాసుతో. లేకపోతే మర్చిపోతాను."

తర్జుమా విని ఫార్మసిస్టు నుదురు రుద్దుకుంది. కాఫీలో ఉండే పదార్థాలు ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవని, కాఫీకీ మాత్రకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలని చెప్పింది. అత్తగారి మొహం మారిపోయింది.

"పొద్దున్నే రెండు గంటలు కాఫీ లేకుండా ఉండమంటుందా? అలా అయితే నాకా రక్తం వద్దని చెప్పండి."

అది యథాతథంగా చెప్పాను. ఫార్మసిస్టు పెద్దగా నవ్వింది. కాఫీని కదపనక్కర్లేదట, మాత్రని కదిపితే చాలట. కాఫీ తాగిన చాలాసేపటికి, మధ్యాహ్నం భోజనానికి ముందు, కాస్త కమలారసంతో వేసుకోమంది. అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఈవిడ తెలిసిన మనిషి," అన్నారు.

ఇంటికొస్తూ దారిలోనే నా భార్యకి ఫోన్ చేశాను. ఆమె నమ్మలేదు. వాళ్లమ్మ చెప్పినా నమ్మలేదు. ఆఫీసు నుంచే క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ ఫార్మసిస్టుతో అరగంట మాట్లాడిందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. బ్యాగులోంచి కొత్తిమీర కట్ట తీసింది. కడిగి, సన్నగా తరిగి, మరుగుతున్న చారులో వేసింది. ఆ వాసన హాల్లోకి రాగానే నేను వెళ్లి స్టవ్ పక్కన నిలబడ్డాను. ఆమె గరిటెడు చారు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

"వేడి, ఊదుకుని తాగండి," అంది. ఆరు నెలల తర్వాత ఆమె మొహంలో భయం లేకుండా నాకు తిండి పెట్టడం అదే మొదటిసారి. ఆ చారు రుచి ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. తాగుతూ నేను నవ్వుతున్నానని ఆమె చెబితేనే తెలిసింది.

ఆ వేసవి అంతా మా ఇంట్లో తోటకూర రాజ్యం. సోమవారం వేపుడు, మంగళవారం పప్పు, బుధవారం పులుసు. వంట మారుతుంది, కొలత మారదు. అత్తగారు సగం దగ్గర గీత ఉన్న కప్పు ఒకటి కొనిపించి, నాకోసం విడిగా కొలిచి పెట్టేవారు. ఒకరోజు గీత మీద రెండు ఆకులు ఎక్కువుంటే చెంచాతో వెనక్కి తీశారు. "ఆ రెండూ ఉండనివ్వండి," అన్నాను. "రేపు తిందురు గాని," అన్నారు.

మొదటి మూడు వారాలు మాత్ర మోతాదు కొద్దికొద్దిగా పెంచారు. ఆకుపచ్చ మాత్ర పోయి పీచ్ పండు రంగుది వచ్చింది. నాలుగో వారం మిషన్ మీద రెండు పాయింట్ తొమ్మిది కనిపించింది. ఐదో వారం మళ్లీ రెండు పాయింట్ తొమ్మిది. ఫార్మసిస్టు మిషన్‌ని నా వైపు తిప్పి, "ఇది పాడైపోయిందేమో చూడండి," అంది. తర్వాత గీత మీద వేలు పెట్టి చూపించింది. కొండలు అయిపోయి మైదానం వచ్చింది.

పాట్‌లక్‌లో వరంగల్ మిత్రుడు ఎప్పట్లాగే గోంగూర పప్పు ముందుకు తోశాడు. "నా కోటా ఇంట్లో అయిపోయిందిరా," అన్నాను. వాడు నమ్మలేదు. "ఆకుకూర బంద్ అన్నవ్, ఇప్పుడు కోటా అంటున్నవ్, ఏం సంగతి?" అన్నాడు. అందరూ తినడం ఆపి వింటుంటే మొత్తం చెప్పాను. మర్నాడు వాడు వాళ్ల నాన్న వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పరిచి, ఏది దేంతో వేసుకోవాలో ఫార్మసీకి ఫోన్ చేసి అడిగాడట.

తోటకూర మాకు మించిపోయింది. అత్తగారు కట్టలు కట్టి ఇరుగుపొరుగుకి పంచారు. ఒక కట్ట తడిబట్టలో చుట్టి క్లినిక్‌కి కూడా తెచ్చారు. ఫార్మసిస్టు ఆకు వాసన చూసి, ఎర్ర కాడ విరిచి చూసి, తీసుకెళ్లింది. తర్వాతి వారం మేం వెళ్లగానే, అంకె చూడకముందే ఆ కబురు చెప్పింది. వాళ్ల అమ్మమ్మ పద్ధతిలో ఉల్లిపాయ, ఎండుమిరప, కాస్త వెనిగర్ వేసి వండిందట. వాళ్లాయన రెండోసారి వేయించుకున్నాడట.

"వెనిగర్ అంటే?" అని అడిగారు అత్తగారు.

"పుల్లగా ఉంటుంది. మనం చింతపండు వేసినట్టు."

"అయితే పులుసే," అన్నారు ఆవిడ తృప్తిగా. తన ఐరన్ మాత్ర సంగతి కూడా ఆవిడకి చెప్పమన్నారు. మెట్లెక్కితే మునుపటిలా కళ్లు తిరగడం లేదని, కాఫీ ఒక్క రోజు కూడా మానలేదని.

ఆవిడ తెనాలి వెళ్లిపోయాక నా భార్య కప్పు పని తీసుకుంది. చలికాలం మంచు పడి తోటకూర పోతే గడ్డకట్టించిన పాలకూర ప్యాకెట్లు కొనేవాళ్లం. ఆకు మారినప్పుడల్లా ముందే క్లినిక్‌కి చెప్పడం మాకు అలవాటైపోయింది. కొన్నాళ్లకి వారానికోసారి కాస్తా నెలకోసారి అయింది.

రెండు వేల పన్నెండులో ప్రాజెక్టు పని మీద మూడు నెలలు వర్జీనియాలోని షాంటిలీలో ఉన్నాను. అక్కడి టీమ్‌లో విశాఖపట్నం అతను ఒకడు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మధ్యాహ్నం భోజనానికి కలిసి కూర్చునేవాళ్లం. ఒకరోజు నా డబ్బాలో పాలకూర పప్పు చూసి తినడం ఆపేశాడు.

"నాకూ వార్ఫరిన్ ఉందండీ. కాలిలో గడ్డ కడితే పెట్టారు," అన్నాడు. "రెండేళ్లయింది ఆకుకూర ముట్టుకుని. మీరెలా తింటున్నారు?"

నాకు తెలిసిందంతా చెప్పాను. ఆ వెంటనే, "ఇది నా ఒంటికి చెప్పిన మాట. మీ క్లినిక్‌ని అడక్కుండా ఒక్క ఆకు కూడా తినకండి," అన్నాను. అతను అక్కడే, డబ్బా పక్కకి జరిపి ఫోన్ తీశాడు. వాళ్లు వచ్చే వారం రమ్మన్నారు. వెళ్లొచ్చాడు. కొంచెం కొంచెంగా, ఒకే కొలతలో, వారం వారం పరీక్షతో మొదలుపెట్టమన్నారట.

ఆ శనివారం ఇద్దరం కలిసి ఇండియన్ గ్రోసరీకి వెళ్లాం. ఆకుకూరల అర ముందు అతను చాలాసేపు నిలబడ్డాడు. మెంతికూర తీసి వాసన చూసి పెట్టాడు, పాలకూర తీసి పెట్టాడు, చివరికి చుక్కకూర కట్ట పట్టుకున్నాడు. నేను దిగిన హోటల్ గదిలో చిన్న వంటగది ఉంది. అక్కడే కందిపప్పుతో వండాం. కొలత కప్పు అతని దగ్గర లేదు, నాది ఇచ్చాను. అతను సరిగ్గా గీత దాకా వడ్డించుకుని, నెయ్యి వేసుకుని, కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు.

"పుల్లగా ఉందండీ," అన్నాడు కళ్లు తెరవకుండానే, అదేదో గొప్ప కబురైనట్టు.